వినుటకా, చూచుటకా?

ధ్యాన భాగము: యెహెజ్కేలు 33:30–33



ఈ మాసము మేము మీ యెదుట నుంచు ప్రశ్న చూచుటకు చిన్నది. పాటలు వినుటకు ఒక పెట్టె కొంటిమి. అది కొయ్య నునుపుతో, లోహపు తళుకుతో మెరయుచున్నది. దాని సొగసును చూచి సంతోషించుట తప్పా? అంత విలువగల వస్తువును నాది అని చెప్పుకొనుట విశ్వాసికి తగునా?

ఒకప్పుడిది పట్టణములలోని ధనికుల ప్రశ్న. ఇప్పుడు మన పల్లెలకును వచ్చినది. హైదరాబాదుకును, చెన్నపట్నమునకును, గల్ఫు దేశములకును పనికి పోయిన మన పిల్లలు క్రిస్మసు పండుగకు వచ్చుచు పాటల పెట్టెలు తెచ్చుచున్నారు. కొందరు వాయిదాలమీద కొనుచున్నారు. సంఘములోని పెద్దలు కొందరు ఇది లోకాశయని గద్దించుచున్నారు. కొనినవారు దేవుని పాటలే గదా వినుచున్నామని బదులు చెప్పుచున్నారు. ఈ రెండు మాటలలో ఏదియు మాకు చాలలేదు. ఏలయనగా ఈ ప్రశ్న మొదట మా యింటనే పుట్టినది.

మా సంఘములో పెరిగి విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచున్న ఒక యౌవనుడు మాకొక జత శబ్దపేటికలను, వాటిని పలికించు యంత్రమును బహుమానముగా నిచ్చెను. యంత్రపు ముఖము సన్నని గీతలు దువ్విన అల్యూమినియము. పేటికలు మోకాలెత్తు, అక్రోటు కొయ్య రంగు. అంత అందమైన వస్తువు మా యింట మరియొకటి లేదు. మా యింటివారు దానికి పూలు కుట్టిన గుడ్డ కప్పిరి. ప్రతి ఉదయము ఆ గుడ్డ తీసి, ధూళి తుడిచి, మరల కప్పుట మా నియమమాయెను. దానివలన మాకు కలిగిన బుద్ధిని కడపట చెప్పుదుము. మొదట లేఖనమేమనుచున్నదో చూతము.

అందము పాపమని లేఖనము చెప్పుట లేదు. నిర్గమకాండము 31వ అధ్యాయములో దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచెను. బంగారము, వెండి, ఇత్తడి పనులు చేయు నేర్పును, రత్నములు పొదుగు నేర్పును, కొయ్య చెక్కు నేర్పును దేవుని ఆత్మయే అతనికిచ్చినట్లు అక్కడ చదువుచున్నాము. సొలొమోను దూరదేశమునుండి ఓడలమీద వచ్చిన మేలైన మ్రానులతో గాయకుల కొరకు తంతివాద్యములు చేయించెను (1 రాజులు 10:12). కాబట్టి మంచి కొయ్యతో మంచి వాద్యము చేయుట దేవుని యెదుట నింద కాదు. నునుపుగా చెక్కిన చేతి కష్టమును తక్కువచేసి మాటలాడువారు, వడ్రంగి యింట పెరిగిన మన ప్రభువు చేతులను మరచుచున్నారు.

బెసలేలు పనివంటి పని చూడగోరువారు దూరము పోనక్కరలేదు. విజయనగరము జిల్లాలో బొబ్బిలి ప్రక్కనున్న గొల్లపల్లికి వెళ్లవచ్చును. అక్కడి పనివారు పనస దుంగను తొలిచి వీణ చేయుదురు. కుండయు దండియు వేరువేరు ముక్కలుగా అతుకక ఒకే దుంగనుండి తీయుదురు గనుక దానికి ఏకాండి వీణయని పేరు. 24 మెట్లు, 7 తీగెలు. కొయ్యను ఎంత పలుచగా తొలువవలెనో వారి చేతికే తెలియును. మందముగా నున్న మ్రోగదు. మరీ పలుచనైన నిలువదు. అక్కడ మెరుగు కడపటి పని. నాదము మొదటి పని.

ఈ శబ్దపేటికల పని వీణ పనికి తలక్రిందులని తెలిసికొని మేము ఆశ్చర్యపడితిమి. వీణలో కొయ్య పలుకవలెను. పేటికలో కొయ్య పలుకరాదు. లోపలనున్న కాగితపు గరాటువంటిది కంపించి శబ్దము పుట్టించుచుండగా, చుట్టునున్న పెట్టెయు కూడ కంపించినయెడల పాటలో పెట్టె గొంతుక కలిసి పాట చెడును. కాబట్టి మంచి పేటికను దట్టమైన పలకలతో, లోపల అడ్డకమ్ములతో, బరువుగా, మౌనముగా నుండునట్లు చేయుదురు. పైకి కనబడు అందమైన కొయ్య చాలమట్టుకు రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకమీద అంటించిన పలుచని పొరయే. పెట్టె గొప్పతనము అది తన్నుతాను వినిపించుకొనకుండుటలో నున్నది. క్రీస్తు హెచ్చవలెను, తాను తగ్గవలెను అని యోహాను తలంచినట్లుగా, వాక్యము మోయు మాబోటివారికి ఇది మంచి పాఠము.

అయితే వినుట కొరకు పుట్టిన వస్తువు చూచుట కొరకైన వస్తువుగా ఎప్పుడు మారును? గొల్లపల్లిలోనే ఒక గుర్తు కలదు. అక్కడ వాయించు పెద్ద వీణలతోపాటు, బహుమతులుగా ఇచ్చుటకు చిన్న వీణలును చేయుచున్నారు. సన్మాన సభలలో పెద్దలకు వాటిని ఇచ్చుచున్నారు. అవి అద్దాల బీరువాలలో నిలుచును. చేయువారికి వాటివలన కూడు దొరకుచున్నది. వారి పని నింద్యము కాదు. కాని ఆ చిన్న వీణ వాయించుటకు కాదని ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని తెలియును. అందులో మోసము లేదు. మన పెద్ద పెట్టెలు మాటలాడుటకు చేయబడియు బీరువాలోని చిన్న వీణలవలె నుండినప్పుడే మోసము. మోసపోవువారము మనమే.

ఈ మార్పు పాతదే. ఎడిసను 1877లో మాటను పట్టియుంచు యంత్రము కనిపెట్టెను. కొంతకాలమునకు గ్రామఫోను వచ్చినది. మొదట దానికి పెద్ద పూవువంటి బాకా పైకి కనబడుచుండెను. 1906లో అమెరికాలోని విక్టరు కంపెనీ ఆ బాకాను కొయ్య బీరువాలోనికి మడిచి దాచి, ముందు తలుపులు పెట్టి విక్ట్రోలా అను పేర అమ్మెను. పాటల యంత్రము అప్పటినుండి ధనికుల గదులలో బల్లలు కుర్చీల సరసన చేరినది. తరువాత మన దేశములో రేడియోల కాలము వచ్చినది. విజయవాడ కేంద్రము 1948లోను, విశాఖపట్టణ కేంద్రము 1963లోను ఆరంభమైనవి. మెరుగుపెట్టిన కొయ్యపెట్టె, ముందు జల్లెడవంటి గుడ్డ, దానిమీద కుట్టుపని చేసిన ముసుగు — ఆ రేడియో కలిగిన యిల్లు ఊరిలో పెద్ద యిల్లు. 1970లో ఫెబా రేడియో హిందూమహాసముద్రములోని సీషెల్సు దీవులనుండి మన దేశమునకు సువార్త ప్రసారములు మొదలుపెట్టినప్పుడు, ఆ పెట్టెల ద్వారానే దేవుని వాక్యము ఎన్నో యిండ్లలోనికి వచ్చినది. వాక్యమునకు పెట్టె రంగుతో పని లేకపోయెను.

ఆ కాలపు లక్కను గూర్చి ఒక మాట. మన ప్రాంతపువారికి లక్క తెలియును. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలకు మెరుగు దానివలననే. చెట్టు కొమ్మలమీద బ్రదుకు చిన్న పురుగులు దానిని పుట్టించును. దానిని సారాయిలో కరగించి పూసినయెడల కొయ్యసామానుకు అద్దమువంటి మెరుగు వచ్చును. అదే లక్కను సన్నని రాతిపొడితో కలిపి, వేడిమీద అచ్చు వేసి, నిమిషమునకు 78 సుమారు చుట్లు తిరుగు పాత గ్రామఫోను పలకలను చేసిరి. పెట్టెమీద పూసిన లక్క కంటికి మెరుగాయెను. పలకలో పోసిన లక్క పాటను మోసెను. వస్తువొకటే, ఉద్దేశము రెండు. దేవుడు మన కిచ్చిన ధనమును అటువంటిదే. పైపూతగా వాడవచ్చును. పాట మోయుటకును వాడవచ్చును.

కన్ను చెవిని ఎంతగా మోసగించునో పండితులును పరీక్షించి చూచిరి. 1994లో అమెరికాలో శబ్దపేటికలు చేయు హర్మన్ అను సంస్థలో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అను ఇద్దరు పరిశోధకులు 40 మందికి కొన్ని పేటికలను వినిపించిరి. ఒకసారి తెర అడ్డముగా నుంచి, ఒకసారి కంటికి కనబడునట్లుంచి, ఏది బాగున్నదో చెప్పుడనిరి. చూచుచు వినినప్పుడు పెద్దవియు, విలువైనవియు బాగుగా నున్నవనిరి. చిన్నది చౌకది బాగులేదనిరి. తెర వెనుకనుండి వినినప్పుడు ఆ తేడా చాలవరకు తగ్గిపోయెను. వినుటలో ఆరితేరినవారును ఇందుకు తప్పించుకొనలేదు. వారు అబద్ధమాడలేదు. తాము చెవితో తీర్పు చెప్పుచున్నామనియే అనుకొనిరి. తీర్పు చెప్పినది కన్ను.

వినెడి చెవిని చూచెడి కన్నును రెండింటిని చేసినవాడు యెహోవాయేనని సామెతల గ్రంథకర్త చెప్పుచున్నాడు (20:12). రెండును ఆయన యిచ్చినవే గనుక ఒకదాని పని మరియొకదానికి అప్పగింపరాదు. సమూయేలువంటి ప్రవక్తయే ఏలీయాబు రూపమును, ఎత్తును చూచి పొరబడెను గదా! దేవుడు హృదయమును చూచునని ఆయనకు చెప్పవలసివచ్చెను.

ఇక మన ధ్యాన భాగమునకు వచ్చుదము. యెహెజ్కేలు కాలపు ప్రజలు దేవుని మాట వినమనలేదు. గోడలయొద్దను, ఇంటి ద్వారములయొద్దను ఒకరితో ఒకరు ప్రవక్తను గూర్చి మాటలాడుకొని, వినుటకు రండని పిలుచుకొనిరి. వచ్చి ఆయన యెదుట కూర్చుండిరి. విని మెచ్చుకొనిరి. అయినను దేవుడు ప్రవక్తతో చెప్పినదేమి? వారికి నీవు మధురమైన గొంతు కలిగి వాద్యము బాగుగా వాయించు పాటగాడవు మాత్రమే. వారు నీ మాటలు విందురు గాని చేయరు. ఎంత భయంకరమైన మెప్పు! చెవి తెరువబడియున్నది, లోపల తలుపు మూయబడియున్నది. పాటల పెట్టెను గూర్చి భయపడవలసినది ఇదియే. అది లోకపు పాట పాడునని కాదు. దేవుని పాట పాడుచుండగా మనము విననివారముగా నుందుమని.

విజయనగరములో 1919లో స్థాపింపబడిన సంగీత కళాశాలను మీలో కొందరు చూచియుందురు. అక్కడ ఆచార్యుడుగాను, తరువాత అధ్యక్షుడుగాను నుండిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి (1893–1964) బాల్యమునుండి చూపు మందము. అయినను వాయులీనములో ఆయన పేరు దేశమంతట వ్యాపించెను. కన్ను మందమైనచోట చెవి కావలి కాయును. ఆ సంగతి మాకు పుస్తకములవలన కాక, మా సంఘములోని ఒక వృద్ధుని వలన తెలిసినది.

ఆ వృద్ధుడు చూపు పూర్తిగా పోయినవాడు. ఒక ఉదయము పొరుగింటి పిల్లవాడు చేయిపట్టి తేగా మా యింటికి వచ్చెను. మేమప్పుడే గుడ్డ తీసి పేటికలను తుడుచుచుంటిమి. ఆయన కూర్చుండబోవుచు ఆధారమునకు చేయి చాచగా అది పేటికమీద పడెను. చేతితో తడవి చూచి, "ఇదేటి అయ్యగారూ, ఇంత నున్నగా ఉంది?" అనెను.

"పాటల పెట్టె తాతా" అంటిమి.

"పాడతాదేటి?" అనెను.

ఆ ప్రశ్నకు మేము సిగ్గుపడితిమి. ఎందుకనగా ఎన్నో దినములుగా అది పాడలేదు. వచ్చినవారందరు దానిని చూచిరి, ఎవ్వరును పాడించుమని అడుగలేదు, మేమును పాడింపలేదు. అప్పుడు పురుషోత్తమ చౌదరిగారి కీర్తన యొకటి పెట్టితిమి. 1803 మొదలు 1890 వరకు జీవించి, మన పర్లాకిమిడి శ్రీకాకుళము ప్రాంతములలో కాలినడకను సువార్త చెప్పిన ఆ భక్తుని కీర్తనలు ముసలివారికి కంఠస్థములు. ఆయన తల వంచి, పెదవులు కదల్చుచు కడవరకు వినెను. పిమ్మట మెల్లగా చెప్పెను: "పాట బాగుంది గానీ బాబూ, ఎడమపక్క పెట్టి పలకతం లేదు."

వెనుకకు పోయి చూచితిమి. ఎడమ పేటిక తీగెను ఎలుక కొరికియుండెను. కొరికి ఎన్నాళ్లయినదో తెలియదు. ప్రతి ఉదయము ముందు తుడిచితిమి, వెనుక చూడలేదు. ఆ మధ్య ఒకటి రెండు సార్లు పాట పెట్టియుంటిమి. ఒక పెట్టె మూగయని మా చెవికి పట్టలేదు. రెండు కన్నులతో రోజును చూచిన మాకు తెలియనిది, ఎన్నడును చూడనివానికి ఒక్క పాటలో తెలిసినది.

మా సిగ్గు అక్కడితో ముగియలేదు. ఏమి పనిమీద వచ్చితివి తాతా అని అడుగగా ఆయన చెప్పినది: "నన్ను చెయ్యట్టుకొని గుడికి తెచ్చినోడు మా మనవడు. ఆడు కూలికి చెన్నపట్నం ఎల్లిపోనాడు. మూడు నెలలై నాను గుడికి రానేదు బాబూ. మీరు అడుగుతారేమో అని సూసినాను."

మూడు నెలలు! ఆయన ప్రతి ఆదివారము ఎడమ గోడకు ఆనుకొని కూర్చుండి, అందరికంటె ముందుగా ఎత్తి పాడువాడు. ఆ గొంతుక లేకుండ మూడు నెలలు ఆరాధన జరిపితిమి. మూడుసార్లు ప్రభువు బల్ల సిద్ధపరచితిమి. పాటలో ఏమి తక్కువైనదో వినలేదు. కాపరికి గొఱ్ఱె స్వరము తెలియవలసియుండగా, మేము పేటికమీది ధూళిని మాత్రము ఒక్క దినమైనను తప్పక చూచుచుంటిమి.

ప్రియులారా, స్వంతమనుటలోని అపాయమిదే. వస్తువు మనదైనప్పుడు దానికి గీత పడునేమో, మసి పట్టునేమో అని మన మనస్సు దానికి కావలి కాయును. ఆ కావలిలో మన చెవి అలసిపోవును. హిజ్కియా రాజు జబ్బునుండి లేచిన పిమ్మట బబులోను దూతలకు తన యింటనున్న వస్తువులన్నిటిని తిప్పి చూపెను. యెషయా వచ్చి అతని వెండి బంగారముల వెలను అడుగలేదు. నీ యింటిలో వారేమి చూచిరని అడిగెను (యెషయా 39). తన్ను బ్రదికించిన దేవుని గూర్చి వారు వినవలసియుండెను. వారు చూచియే పోయిరి. మన యింటికి వచ్చువారు ఏమి చూచి పోవుచున్నారు? ఏమి విని పోవుచున్నారు?

1980ల వరకు మన దేశములో రేడియో ఉంచుకొనువారు తపాలా కార్యాలయమున రుసుము కట్టి లైసెన్సు పొందవలసియుండెను. పెట్టెకు ధర చెల్లించియున్నను, వినుటకు సెలవు పుచ్చుకొనవలెను. ఆ నియమము పోయినది. అయినను అందులోని సత్యము పోలేదు. పెట్టెను కొనగలము, స్వరమును కొనలేము. స్వరము దేవుడిచ్చినది, పొరుగువాడు పాడినది. మనము దానికి యజమానులము కాము, కొంతకాలమునకు కాపలాదారులము.

కాబట్టి మా ఆలోచన యిది. అప్పు చేసి కొనవద్దు. వాయిదా తీరువరకు ఆ పెట్టె మీకు పాట కాక లెక్కయే వినిపించును. ఉన్నవారు అమ్మివేయనక్కరలేదు. ముసుగు తీసి పాడించుడి. వాకిలి తెరచి, వినగోరు పొరుగువారిని, వృద్ధులను, రోగులను పిలువుడి. రాలేనివారియొద్దకు మోసికొని పొండి. ఒక గీత పడినయెడల పడనిండు. పాత హలము కఱ్ఱు అరిగియుండుట రైతుకు అవమానము కాదు. అయితే అవతలి యింటి రోగి నిద్రించుచుండగా గట్టిగా మ్రోగింపకుడి. అది వినిపించుట కాదు, చూపించుటయే. మరియు పాట ముగిసిన పిమ్మట కొంతసేపు ఊరక నుండి, ఇంటిలో ఎవరి మాట వినక యుంటిమో, సంఘములో ఎవరి గొంతుక తక్కువైనదో చెవియొగ్గి వినుడి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన తీరమును కొట్టినప్పుడు అనేక గ్రామములలో దినముల తరబడి విద్యుత్తు లేకపోయెను. ఎంత విలువగల పెట్టెయైనను ఆ చీకటిలో కొయ్యతో సమానము. అప్పుడు ఒకరికొకరు వినిపించినది మనుష్యుల గొంతుకలే.

మా యింట ఎడమ తీగె బాగుచేయబడినది. పూలగుడ్డను బల్లకు వేసితిమి. వృద్ధుని తెచ్చుటకు మన యౌవనులు వంతులు పెట్టుకొనిరి. మొన్న ఆదివారము ఆయన ఎడమ గోడయొద్ద కూర్చుండి కీర్తన ఎత్తెను. శ్రుతి కొంచెము హెచ్చాయెను. ఎవ్వరును తగ్గించుమనలేదు. మేమందరము ఆయన శ్రుతికే కలిసితిమి.

ప్రార్థన: కన్నును చెవిని కలుగజేసిన తండ్రీ, మా చేతికి నీవిచ్చిన మంచి వస్తువుల కొరకు స్తోత్రము. వాటి మెరుగు మా చెవిని మూయకుండునట్లు కాపాడుము. నీ మాట విని చేయు మనస్సును, మా మధ్య మౌనమైపోయిన స్వరమును గుర్తించు చెవిని మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.